నాలుగు వరసల ప్రశ్నార్థకాలు

"అందుకే ఇంగ్లీష్‌లో చేసుకోమన్నాను, ఈ గొడవే ఉండదు." మధ్యాహ్నం నుంచి ఈ మాట నన్ను వదలట్లేదు. ఏమైందని అత్తమ్మ అడిగితే తలనొప్పి అని చెప్పి గదిలోకి వచ్చేశాను.

ఇది జరిగింది నర్సంపేట వైపు, మేం శనివారాలు పిల్లలకు కంప్యూటర్ నేర్పే బడిలో. గోడ పక్క సిస్టం దగ్గర కూర్చునే తొమ్మిదో తరగతి పిల్ల, తండా నుంచి వచ్చేది, వాళ్ల నాన్న వేసే చపాట మిర్చి మీద వెబ్ పేజీ చేసింది. పైన పెద్ద హెడింగ్, కింద తోట ఫోటో, దాని కింద వివరం. దీన్ని టమాట మిర్చి అని కూడా అంటారు, కారం తక్కువ, రంగు ఎక్కువ, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మా నాన్న ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతాడు. తెలుగు అక్షరాల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఒక్కో ఒత్తు వెతుక్కుంటూ అంతా తనే కొట్టింది. సేవ్ చేసి, నోట్‌ప్యాడ్ మూసేసి, బ్రౌజర్‌లో తెరిచింది. ఫోటో వచ్చింది. అక్షరాలు ఉండాల్సిన చోట నాలుగు వరసల ప్రశ్నార్థకాలు.

"ఏదో పెట్టె వచ్చిందక్కా, ఓకే కొట్టిన" అంది.

అక్కడున్నవి విండోస్ 7 సిస్టాలు. వాటిలో మనం ఏమీ మార్చకపోతే నోట్‌ప్యాడ్ ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తుంది. అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు, ఆ పెట్టె హెచ్చరించేది అదే. సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ దగ్గర అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎంచుకుని, పేజీ పైభాగంలో ఆ సంగతి బ్రౌజర్‌కు చెప్పే చార్‌సెట్ లైను ఒకటి రాస్తే సరిపోతుంది. బోర్డు మీద రాసే ఉంది. పేజీ పూర్తయిందన్న సంతోషంలో పిల్ల అటు చూడలేదు. విండోస్ 10లో 2019 అప్‌డేట్ తర్వాత నోట్‌ప్యాడే యూటీఎఫ్-8 తీసుకుంటుంది, ఈ తిప్పలు ఉండవు.

సరిగ్గా అప్పుడే, హైదరాబాద్ నుంచి మాతో పాటు నేర్పడానికి వచ్చే అన్న వెనక నుంచి చూసి ఆ మాట అన్నాడు. పిల్ల ఏం మాట్లాడలేదు. హెడింగ్ చెరిపేసి "మై విలేజ్" అని కొట్టడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు సెట్టింగ్‌ది. ఆ పిల్లకు మాత్రం తప్పు తన భాషదే అని అర్థమైంది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఇప్పుడు ఆ రెండోది కూడా కంప్యూటర్‌కు పనికిరాదని ఒక పెద్దమనిషి చెప్తే ఎవరు నమ్మరు?

నేనూ నమ్మాను కాబట్టే ఇంత బాధ. 2001లో ఇంటర్ ఫలితాల కోసం హన్మకొండ చౌరస్తాలో నెట్ సెంటర్‌కు వెళ్లాం, నేనూ మా అన్నయ్యా. ప్లైవుడ్ అరలు, చెప్పులు బయట, గంటకు ఇంత అని గోడ మీద కాగితం. మార్కులు చూశాక ఇంకా టైం మిగిలింది. తెలుగు పేపర్ తెరవమని అన్నయ్యను బతిమాలాను. అప్పట్లో ఒక్కో సైటుకు ఒక్కో ఫాంట్, అది సిస్టంలో లేకపోతే తెర నిండా పిచ్చి గీతలే. సెంటర్ అతను నవ్వి, "తెలుగు ఇందులో రాదమ్మా" అన్నాడు. చాలా ఏళ్లు అదే నిజం అనుకున్నాను. టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్‌సైట్ బయటి జనానికి తెలిసింది 1991లో. అన్ని భాషల అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చిందీ 1991లోనే, అందులో తెలుగు ఉంది. అంటే వెబ్ జనంలోకి వచ్చిన ఏడాదే మన అక్షరాలకు నంబర్లు ఇచ్చేశారు. నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

ఆ అన్నను ఇక పంపొద్దని గ్రూపులో మెసేజ్ పెడదామని ఫోన్ తీశాను. టైప్ చేసి, చెరిపేశాను. సాయంత్రం అందరం బయల్దేరినా అతను ఉండిపోయి, ఆన్ కాని సిస్టాలు విప్పి, లోపలి మెమరీ ముక్కలు (ర్యాములు) తుడిచి పెట్టి వెళ్లాడు. బస్సు ఖర్చు తనదే. అతను లేకపోతే ఒక్కో సిస్టం ముందు ముగ్గురేసి కూర్చోవాలి.

ఇంకో సంగతి. వెళ్లేముందు ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇంగ్లీష్‌ల కూడా ఒకటి చేస్తా. మా మిర్చి కొనేటోళ్లు వేరే రాష్ట్రాల నుంచి వస్తరు, వాళ్లకు తెలుగు రాదు కదా" అంది. నేను తెలుగు పేజీ కోసం ఇంత కొట్లాడుతుంటే తను కొనేవాళ్ల గురించి ఆలోచిస్తోంది. ఇంగ్లీష్ పేజీ అనవసరం అని పొద్దున అనుకున్నంత గట్టిగా ఇప్పుడు అనలేను. పేజీ తయారుచేసే ట్యాగులన్నీ ఎలాగూ ఇంగ్లీషే, వాటికి వీళ్లెవరూ భయపడట్లేదు. రెండూ ఉండాలి. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఉండాలి.

కాబట్టి వచ్చే శనివారం, లింకు పెట్టే యాంకర్ ట్యాగ్. దానికి ముందు అన్ని సిస్టాల్లో చార్‌సెట్ లైనుతో ఒక ఖాళీ పేజీని యూటీఎఫ్-8లో సేవ్ చేసి పెడతాను, పిల్లలు అందులోనే మొదలుపెట్టుకుంటారు. లైన్ హైట్, అంటే వరసల మధ్య ఎడం, కూడా పెంచాలి, ఒత్తులు కింది వరస మీద పడుతున్నాయి.

అన్నకు విడిగా మెసేజ్ పెట్టాను. రేపు ఫోన్ చేస్తానన్నాడు. ఆ మాట పిల్లల ముందు ఇంకోసారి అనొద్దని అడుగుతాను. మెల్లగానే అడుగుతాను, కానీ అడుగుతాను.