ఐదు తరగతులు, ఒక గొంతు

నా గొంతు ఒక్కరోజులో పోలేదు. 2023 దసరా సెలవుల తర్వాత మధ్యాహ్నానికల్లా బొంగురుపోవడం మొదలైంది. సంక్రాంతి నాటికి పొద్దున ప్రార్థన చెప్పించడం కూడా కష్టమైంది. మిరియాల పాలు, ఉప్పునీళ్లు, దగ్గు మందు అన్నీ అయ్యాయి. ఆదివారం ఇంట్లో మాత్రం మాట బాగానే వచ్చేది. సోమవారం బడికి ఆటో ఎక్కగానే గుండెదడ, గొంతు బిగుసుకుపోయేది.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక తండాలోని ప్రాథమిక బడి మాది. నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. నాతో పనిచేసిన సారు రిటైరయ్యాక ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. ఒకటి నుంచి ఐదు దాకా, అన్నీ కలిపి 18 సబ్జెక్టులు, నేనొక్కదాన్నే. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు, వాళ్లకు రెండూ కొత్తే. వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరం దిద్దించే వేళకే ఐదో తరగతి వాళ్లు భాగహారం దగ్గర ఆగిపోతారు, వంటామె గుడ్లు తక్కువొచ్చాయంటుంది, ప్రభుత్వానికి పంపే బడి లెక్కలు, యూడైస్ వివరాలు ఈ పూటే కావాలని ఫోన్‌లో మెసేజ్ వస్తుంది. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే ‘తొలిమెట్టు’ కార్యక్రమం రికార్డులు ఇంటికి తెచ్చుకుని రాసేదాన్ని. అందరూ ఒకే గదిలో ఉంటే గొంతు పెంచడం తప్ప ఇంకేం చేస్తాం? 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

గొంతు కన్నా నన్ను ఎక్కువ తిన్నది ఇంకొకటి. మూడో తరగతి పాప రెండో తరగతి వాక్యం దగ్గర తడబడితే ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ‘నాకు చెప్పడం రాదు’ అన్న మాట లోపల పాతుకుపోయింది. తనిఖీకి వచ్చిన ఒకాయన పిల్లల ముందే "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాక ఆ మాటకు రాజముద్ర పడ్డట్టయింది. అన్నం సహించేది కాదు. బడి సెలవు రోజున కూడా ఊరికే ఏడుపొచ్చేది.

ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూశారు. స్వరతంత్రుల మీద కాయలేమీ లేవు. గొంతు చుట్టూ కండరాలు బిగుసుకుపోయాయని, దీన్ని మజిల్ టెన్షన్ డిస్ఫోనియా అంటారని, టీచర్లలో తరచూ చూస్తుంటామని చెప్పారు. స్పీచ్ థెరపీ రాసి, నా నిద్ర సంగతి, దడ సంగతి అడిగి సైకియాట్రిస్టును కూడా కలవమన్నారు. ఆ చీటీ చూసి మా అత్తమ్మ "ఎర్రగడ్డకా?" అని కంగారుపడింది. ఆమెను ఏమనగలను, ఆ పేరుతో మనుషులను ఎగతాళి చేయడం మన దగ్గర అలవాటే కదా. ఆస్పత్రికి తోడొచ్చింది మాత్రం ఆమే.

సైకియాట్రిస్టు చూసి ఆందోళన, దానితోపాటు డిప్రెషన్ అన్నారు. థైరాయిడ్ నార్మల్‌గా ఉంది. మాత్రల గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో వికారం ఉండొచ్చని, సొంతంగా ఆపొద్దని చెప్పారు. అన్నట్టే వికారం వచ్చింది, తగ్గింది. స్పీచ్ థెరపీలో గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి ‘ఊ’ అంటూ బుడగలు తీయించేవారు, మెడ, దవడ మర్దన చేసుకోవడం నేర్పారు. గుసగుసగా మాట్లాడటం కూడా గొంతుకు శ్రమేనని అక్కడే తెలిసింది.

కౌన్సెలర్ ఒక కాగితం ఇచ్చి, నాకు చెప్పడం రాదనడానికి రుజువులు రాయమంది. చాలానే రాశాను. ఆమె ఒక్కొక్కటీ చదివి, "ఆ సమయంలో మీరు ఇంకే పనిలో ఉన్నారు?" అని అడిగింది. ప్రతిదానికీ ఏదో ఒక జవాబు ఉంది: ఇంకో తరగతి దగ్గరో, బియ్యం లెక్క దగ్గరో, ఫోన్‌లోనో. నాలో లోపమని ఏళ్లుగా మోసినదాంట్లో ఎక్కువ భాగం ఒక ఖాళీ పోస్టు బరువు. ఆ రోజు ఆకలేసి అన్నం తిన్నాను.

నేను మెడికల్ లీవులో ఉండగా పక్క ఊరి సారును సర్దుబాటు మీద మా బడికి పంపారు. అంటే అక్కడి పిల్లలకు కోత పెట్టి ఇక్కడ నింపారు. ఆ సంగతి ఇప్పటికీ మనసును గుచ్చుతుంది.

జూన్‌లో నడుముకు కట్టుకునే చిన్న మైకుతో బడికి వెళ్లాను. ఒకటి, రెండు తరగతులను ఒక జట్టుగా, మిగతావాళ్లను ఇంకో జట్టుగా కూర్చోబెట్టాను. మాత్రలు, వ్యాయామాలు నన్ను నిలబెట్టాయి, కానీ సాయంత్రానికి గొంతు మళ్లీ బరువెక్కేది. 2024లో 11,062 టీచరు పోస్టుల భర్తీకి డీఎస్సీ పరీక్ష జరిగింది కదా, అందులో ఎంపికైన ఒకమ్మాయి మా బడికి వచ్చింది. లంబాడీ ఆమె ఇంటి భాష. ఒకటో తరగతి పిల్లలు ఆమె చుట్టూ మూగి వాళ్ల మాటల్లోనే కబుర్లు చెబుతుంటే, నేను పక్క గదిలో మామూలు గొంతుతో పాఠం చెప్పాను.

ఇప్పుడు డాక్టరు మాత్రల మోతాదు తగ్గిస్తున్నారు. ఒక్క టీచరుతో నడిచే బళ్లలో ఉన్న అక్కలు, తమ్ముళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించుకోండి. నిద్ర కరువైతే, బతుకు మీద విసుగు పుడితే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. రెండో టీచరు కావాలన్న దరఖాస్తు కూడా రాతపూర్వకంగా పెట్టండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.