అమ్మ పుస్తకంలో మిగిలిన బాకీ

కార్తీకం వెళ్లిన మూడో రోజు తెల్లవారుజామున గుంటూరు బస్టాండులో మంగళగిరి బస్సు ఎక్కాను. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టిక్కెట్టు ఇచ్చాడు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఈ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆ చీటీని మడిచి, సంచిలో ఉన్న పుస్తకంలో పెట్టాను. ఆ పుస్తకం అమ్మది. ఎర్ర గుడ్డ అట్ట, లోపల ఆమె గుండ్రని అక్షరాలు. అమ్మ పోయి ఏడాది అయింది. సంవత్సరీకం పెట్టాకే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

అమ్మ దుగ్గిరాల దగ్గర పల్లెలో పసుపు పండించే ఇంట పుట్టింది. పసుపు తవ్వడం, కొమ్ములు ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబోయడం, మంచు పడకముందే పట్టలు కప్పడం, ఇవన్నీ చేతులతో చేసి పెరిగింది. చదువు ఐదో తరగతితో ఆగింది. కానీ వీసం, పరక, పావు లాంటి భిన్నాల ఎక్కాలు అన్నీ నోటికి వచ్చు. 1957లో పెళ్లయి గుంటూరు వచ్చింది. పట్నం బజారులో మా నాన్నగారిది పసుపు కొట్టు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే దేశంలో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. గుమాస్తా పాత లెక్కను కొత్తలోకి మార్చలేక ప్రతి సాయంత్రం తికమకపడుతుంటే, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ కొత్త కోడలు పుస్తకం అడిగి తీసుకుందట. అణాకు ఆరు పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవై అయిదు. ఈ పట్టిక ఆమె రాసిన మొదటి చిట్టా అట్ట లోపల ఇప్పటికీ ఉంది. ఆ తరువాత వీశెలు, మణుగులు పోయి కిలోలు, క్వింటాళ్లు వచ్చినప్పుడు గుమాస్తా ఎవరినీ అడగలేదు, నేరుగా లోపలికి వచ్చి అమ్మనే అడిగాడు.

పొద్దున పొయ్యి దగ్గర, రాత్రి చిట్టా దగ్గర. మా నలుగురి చదువులు, పురుళ్లు, పెళ్లిళ్లు అన్నీ ఆ రెండింటి మధ్యే జరిగాయి. రాత్రి పది దాటాక లాంతరు దగ్గరకు జరుపుకుని చిట్టా నుంచి ఆవర్జాలోకి, అంటే రోజు లెక్క నుంచి ఖాతాల పుస్తకంలోకి, పద్దులు ఎక్కించేది. పక్కనే మేము నిద్రపోయేవాళ్లం. కలం గీకే చప్పుడు ఆగిందంటే లెక్క తేలిందని అర్థం. తేలకపోతే తెల్లవారేదాకా ఆగేది కాదు. సరుకు బస్తా వస్తే ఒక కొమ్ము తీసి విరిచి చూసేది. బాగా ఆరిన కొమ్ము ఖంగుమని విరుగుతుంది, తడి ఉన్నది మెత్తగా వంగుతుంది. ఆ చప్పుడు విని ఆమె ఒప్పుకుంటేనే కాటా వేసేవారు. బజారులో నాన్నగారికి లెక్కలో ఖచ్చితమైన మనిషి అని పేరు. ఆ పేరు అమ్మది. నాన్నగారు కూడా ఆ మాట అనేవారు, కానీ ఇంట్లోనే అనేవారు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

1988 చివర్లో నాన్నగారు పోయారు. అప్పు విషయం మాట్లాడడానికి ఒక బ్యాంకు అధికారి వచ్చి, ఇరవై ఏళ్లు నిండని మా తమ్ముడి వైపే చూస్తూ అడగడం మొదలుపెట్టాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆవర్జా తెచ్చి ఆయన ముందు తెరిచి, అయిదేళ్ల వడ్డీ లెక్క వేలు పెట్టి చదివింది. అక్కడి నుంచి ఆయన ఆమెతోనే మాట్లాడాడు. కొట్టు నిలబడింది.

కొట్టు పుస్తకాలు కాక అమ్మకు ఇంకొకటి ఉండేది. అందులో దేవుడి పద్దు. మొక్కు మొక్కిన తేదీ, ఎవరి కోసం, ఏమి చేస్తానన్నది, తీర్చిన తేదీ, చివర చెల్లు, అంటే బాకీ తీరిందని గుర్తు. 1977 నవంబరు తుపాను రోజుల్లో వసూళ్లకు రేపల్లె వెళ్లిన నాన్నగారు మూడు రోజులు జాడ లేకుండా పోయినప్పటి మొక్కుకు కూడా చెల్లు ఉంది. తమ్ముడి టైఫాయిడ్‌కు ఉంది. ఒక్కదానికే లేదు. 1988, శ్రావణం: "పెద్దమ్మాయి పురుడు క్షేమంగా జరిగితే మెట్ల దారిన కొండెక్కి పానకాలస్వామికి పానకం."

పెద్దమ్మాయిని నేనే. ఆ పురుడు తేలికైనది కాదు. నేను, బిడ్డ బతికి బయటపడ్డాం. నెలలు తిరక్కుండానే నాన్నగారు పోయారు. ఏటిసూతకంలో కొండ గుడికి వెళ్లకూడదు. ఆ తరువాత కొట్టు భారం, ఆ వెనుక మోకాళ్ల నొప్పులు. పైదాకా కారు వెళ్లే దారి వచ్చాక తమ్ముడు రెండుసార్లు తీసుకెళ్లాడు. దర్శనం చేసుకుంది, పానకం పోయించింది. అయినా చెల్లు రాయలేదు. మెట్ల దారిన అని మొక్కింది కదా. ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకానికి పసుపు, కుంకుమ పెట్టి, మొదటి పేజీలో "కిందటి బాకీ" అని ఆ ఒక్క వాక్యం మళ్లీ రాసింది. ముప్పై ఆరు ఉగాదులు. నాతో ఒక్కసారి కూడా చెప్పలేదు.

మంగళగిరిలో దిగేసరికి బాగా తెల్లవారింది. దిగువ గుడి గాలిగోపురం, రెండు వందల ఏళ్ల కిందట అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తులు, ఎండకు మెరుస్తూ ఉంది. పైన మధ్యాహ్నం దాటితే పూజలు ఆగిపోతాయి, రాత్రి దేవతలు వచ్చి అర్చిస్తారని నమ్మకం. అందుకని ఎక్కువసేపు నిలబడకుండా మెట్లు మొదలుపెట్టాను. నా ముందు ఇద్దరు ఆడవాళ్లు ఒక్కో మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతున్నారు. పసుపు వాసన తగలగానే మా కొట్టు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. నాకు అరవై రెండు. సగం దాకా వచ్చాక కాళ్లు వణికాయి. ఒక మెట్టు మీద కూర్చుని, నన్ను కన్న మోకాళ్లు ఎన్నేళ్లు ఈ మెట్లను తలుచుకుని ఉంటాయో అనుకున్నాను.

గర్భాలయంలో స్వామికి తెరిచిన నోరు మాత్రమే కనిపిస్తుంది. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, ఈ కలిలో పానకం ఆయనకు తృప్తి అంటారు. అర్చకులు గోత్రం, పేరు అడిగారు. ఎవరి పేరు చెప్పాలో తోచలేదు. మొక్కు నా కోసం, బాకీ అమ్మది. రెండు పేర్లూ చెప్పాను. శంఖంతో పానకం పోస్తుంటే గుటకలు వేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. సగం అయ్యాక చప్పుడు ఆగింది. మిగిలిన సగం ప్రసాదంగా నా గిన్నెలోకి వచ్చింది. ఇంత బెల్లం నీళ్లు పడే చోట ఒక్క చీమ కనిపించదని చిన్నప్పుడు అమ్మ చెప్పేది. వెతికి చూశాను. కనిపించలేదు.

గుంటూరు చేరేసరికి సాయంత్రం. తమ్ముడు కొట్టు ముందుగానే కట్టేసి ఇంట్లో ఎదురుచూస్తున్నాడు. మరదలు పానకం అందరికీ గ్లాసుల్లో పోసింది. వాడు పుస్తకం నా ముందు తెరిచి, "నువ్వే రాయక్కా" అన్నాడు. తేదీ వేశాను. చెల్లు అని రాశాను. చెయ్యి వణికి అక్షరం వంకర పోయింది. కింద ఖర్చులు: పానకం, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, బస్టాండు నుంచి ఆటో. పుస్తకం మూయబోతుంటే తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్సు రాయలేదే?"

ఖర్చు కాలేదు కదా అన్నాను. వెంటనే ఇద్దరికీ ఒకే మాట గుర్తొచ్చింది. చిన్నప్పుడు చిట్టా దగ్గర కూర్చోబెట్టి అమ్మ మాకు నేర్పిన మొదటి మాట: సున్నా అయినా రాయాలి, లేకపోతే ఖర్చు కాలేదో, మరిచిపోయారో రేపు చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

మళ్లీ కలం అందుకుని రాశాను. బస్సు, రానుపోను: సున్నా.