దూరంగా ఆడుకుంటున్న నారాయణ

ఒడిశా సరిహద్దులో మా పర్లాకిమిడి వైపు కార్తీకం రెండు సార్లు మొదలవుతుంది. ఒడియా వాళ్ళకి ఆశ్వయుజ పౌర్ణమి, అంటే వాళ్ళ కుమార పూర్ణిమ, దాటిన మర్నాటి నుంచే లెక్క. మనకేమో దీపావళి అమావాస్య వెళ్ళాలి. వాళ్ళు కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున బొయిత బందాణ అని చిన్న చిన్న పడవలు నీళ్ళలో వదిలి నెల ముగించేస్తారు, మనం ఇంకో పదిహేను రోజులు ఆగి పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. ఎవరి లెక్క వాళ్ళదే గానీ, దీపావళి నుంచి పౌర్ణమి దాకా ఉన్న పక్షం మాత్రం ఇద్దరిదీ. ఒక ఇంట్లో జగన్నాథ దాసు ఒడియా భాగవతం తొమ్మిదేసి అక్షరాల పాదాలతో సాగుతుంటే, గోడ అవతల మన తెలుగు భాగవతం. ఎక్కడ విన్నా ఆరో స్కంధం దగ్గరికి వచ్చేసరికి అజామిళుడే.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కన్యాకుబ్జంలో ఒక బ్రాహ్మణుడు, చదువుకున్నవాడు, ఆచారం తెలిసినవాడు, ఒక ఆడమనిషి మోహంలో పడి ఇల్లూ పెళ్ళాన్నీ వదిలేసి, దొంగతనాలూ జూదాలూ మోసాలతో బతికి 88 ఏళ్ళు లాగించాడు. పదిమంది కొడుకులు, ఆఖరివాడి పేరు నారాయణ. వాడంటే ప్రాణం. తను తింటే వాడికి పెట్టడం, తాగితే వాడికి తాగించడం, వాడి ముద్దుమాటలకి మురిసిపోవడం. తీరా చావు దగ్గరికొచ్చి ముగ్గురు యమభటులు కనపడగానే హడలిపోయి కొడుకుని పిలిచాడు. ఆ పిలుపుకి విష్ణుదూతలు దిగారు. రెండు జట్లకీ పెద్ద వాదన జరిగింది, ఆ వాదనలో విష్ణుదూతలు చెప్పిన శ్లోకం ఇది:

సాంకేత్యం పారిహాస్యం వా స్తోభం హేలనమేవ వా
వైకుంఠనామగ్రహణమశేషాఘహరం విదుః

వేరే ఎవరికో పెట్టిన పేరుగా పలికినా, వేళాకోళానికి అన్నా, పాటలో ఊతంగా వచ్చినా, తీసిపారేస్తూ అన్నా, భగవంతుడి పేరు నోట పలికితే పాపాలన్నీ పోతాయని పెద్దలకు తెలుసు అని భావం. తర్వాతి శ్లోకం ఇంకా దూరం వెళ్తుంది. కాలు జారి పడుతూ, దెబ్బ తగిలి, ఏదో కరిచి, వశం తప్పి హరి అన్నా యాతనలు ఉండవట. మోకాళ్ళు పట్టుకుని "నారాయణా" అంటూ లేచే మన మామ్మలందరికీ ఆ శ్లోకం కింద ఎంత జమ అయ్యుంటుందో.

నాలుగు మాటల్లో మొదటిదే నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. వేరే ఎవరికో పెట్టిన పేరు. మా సరిహద్దు ఊళ్ళలో దానికి కొదవేముంది? అరసవల్లి దేవుడి మీద సూర్యనారాయణలు, సింహాద్రి అప్పన్న మీద అప్పలనారాయణలు, వ్రతం చేసుకుంటే పుట్టిన సత్యనారాయణలు, ఇవి కాక ఉత్త నారాయణలు, ఒడియా ఇళ్ళల్లో మళ్ళీ ఇవే పేర్లు వాళ్ళ పలుకుబడిలో. గుళ్ళో అర్చనకి పళ్ళెం అందిస్తే పూజారి గారు పేరు అడిగి ఊరుకోరు, గోత్రం కూడా అడుగుతారు, లేకపోతే ఏ నారాయణో తేలదు. ఇప్పటి పిల్లలకైతే నారాయణ అనగానే ముందు కాలేజీ గుర్తొస్తుంది. శ్లోకం ప్రకారం అదీ చెల్లుతుందనే నా నమ్మకం.

ఇంతకీ ఆ పిల్లాడు ఏమయ్యాడు? దీని గురించి ఎవరూ ప్రవచనంలో చెప్పగా నేను వినలేదు. తండ్రి పిలిచినప్పుడు వాడు దూరంగా ఆటలో మునిగి ఉన్నాడని భాగవతం ఒక్క మాట అంటుంది, అంతే, ఆ తర్వాత వాడి ఊసు లేదు. వాడు విన్నాడో లేదో తెలీదు, వచ్చాడో లేదో తెలీదు. పిలిచినవాడికి ఫలం దక్కింది, పేరు మోసినవాడికి ఏం దక్కిందో వ్యాసుడు చెప్పలేదు. నాకు అర్థమైనంతలో చెప్పాల్సిన అవసరం లేకే చెప్పలేదు. శ్లోకంలో ఫలమంతా పలకడానికే ఉంది గానీ పెట్టుకోవడానికి ఏమీ రాసి లేదు. నారాయణ అని పేరున్నంత మాత్రాన ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు, అతన్ని రోజూ పిలిచే అమ్మకీ అప్పుకోసం వచ్చే షావుకారుకీ ఒరుగుతుంది. గౌడీయ వైష్ణవులు, అంటే చైతన్య మహాప్రభువు సంప్రదాయం వాళ్ళు, ఇలాంటి పిలుపుని నామాభాసం అంటారు, అసలు నామం కాదు, దాని ఛాయ. ఛాయకే ఇంత బలం ఉంటే అని వాళ్ళ వాదం.

మరి పేరు మోసేవాడు ఏం చెయ్యాలి? పేరు దేవుడిదైనప్పుడు దాన్ని మోసే పద్ధతులు చాలా ఉన్నాయి, మనకి తెలిసిన నారాయణలనే చూడండి.

నాకు అందరికన్నా ఇష్టమైనవాడు నారాయణభట్టు. నన్నయ మహాభారతం తెలుగు చేస్తున్నప్పుడు పక్కన నిలబడ్డ సహాధ్యాయి. ఆయన్ని గురించి నన్నయ రాసిన పద్యం "పాయక పాకశాసనికి భారత ఘోరరణంబునందు నారాయణునట్లు" అని ఎత్తుకుంటుంది. పాకశాసని అంటే ఇంద్రుడి కొడుకు అర్జునుడు. భారత యుద్ధంలో అర్జునుణ్ణి వదలకుండా ఆ నారాయణుడు ఎలా ఉన్నాడో, భారతం రాసే పనిలో ఈ నారాయణుడు నాకు అలా ఉన్నాడు అని. స్నేహితుడి పేరుతో ఇంత బాగా ఆడుకున్నవాడు ఇంకొకడు లేడు. పొగడ్త కోసం దేవుడితో పోల్చడం కవులకి మామూలే, ఇక్కడ అది కాదు, ఇద్దరూ చేసిన పని ఒకటే. ఆ నారాయణుడు బాణం వెయ్యలేదు, రథం తోలాడు. ఈ నారాయణుడి పేరు మీద భారతంలో పద్యాలు లేవు, కానీ ఆయన లేకుండా ఆ రెండున్నర పర్వాలు అలా వచ్చేవి కావని రాసినవాడే ఒప్పుకున్నాడు. రాజరాజనరేంద్రుడు 1053లో ఆయనకి నందంపూడి గ్రామం దానం ఇచ్చిన శాసనం ఉంది, దాన్ని రాసింది కూడా నన్నయే. సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం, ఈ ఐదు భాషల్లోనూ కవిరాజశేఖరుడని అందులో ఆయన్ని పొగిడారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ దిగి సంతకి వచ్చేవాళ్ళతో సవర ముక్కలు మాట్లాడే మా ఊరివాళ్ళకి ఐదు భాషల మనిషి అంటే ఒక ప్రత్యేకమైన అభిమానం, అందుకే ఇంతసేపు చెప్పాను.

పేరుకి సరిగ్గా ఎదురు తిరిగినవాడు కూడా భాగవతంలోనే ఉన్నాడు, నారాయణ కాదు గానీ వాసుదేవుడు. దశమ స్కంధంలో కరూశ దేశపు రాజు పౌండ్రకుడు "అసలు వాసుదేవుణ్ణి నేనే, నువ్వు ఆ పేరూ ఆ గుర్తులూ వదిలెయ్" అని కృష్ణుడికి కబురు పెట్టాడు. ఉగ్రసేనుడితో సహా సభంతా పగలబడి నవ్వింది. వాడు దొంగ శంఖం, దొంగ చక్రం, కౌస్తుభం లాంటి మణి అన్నీ పెట్టుకుని యుద్ధానికి వచ్చి చచ్చాడు. ఒకే పేరు ఇద్దరికి ఉంటే కిట్టని జబ్బు అప్పటిది. విచిత్రం ఏమిటంటే వాడికీ మోక్షమే. పగతోనో పోటీతోనో ఎప్పుడూ హరినే తలుచుకుంటూ హరి వేషమే వేసుకుని ఉన్నాడు కాబట్టి తన్మయుడైపోయాడట.

కేరళలో మేల్పత్తూరు నారాయణ భట్టతిరి పద్ధతి వేరు. వాతరోగంతో గురువాయూరు గుడికి చేరి, భాగవతం మొత్తాన్ని నూరు దశకాలుగా కుదించి నారాయణీయం చెప్పాడు. చివరి మాట "ఆయురారోగ్యసౌఖ్యం", ఆ అక్షరాలనే అంకెలుగా లెక్కవేస్తే కావ్యం ముగిసిన రోజు వస్తుంది, అది 1586. అందులో 22వ దశకం అజామిళుడిదే. ఒక నారాయణుడు, నారాయణుడి ముందు కూర్చుని, నారాయణ అనే పిల్లాణ్ణి పిలిచిన కథ చెప్తున్నాడన్నమాట. ఆ శ్లోకాలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి, రుచి మారుతుంది.

నారాయణ తీర్థులకి ఆ పేరు సన్యాసంతో వచ్చింది. తెలుగువాడే, తంజావూరు సీమ వరహూరులో ఉండి కృష్ణలీలాతరంగిణి చేశారు, మన కూచిపూడి వాళ్ళు పళ్ళెం అంచు మీద నిలబడి ఆడేది ఆయన తరంగాలకే. కేరళలోనే నారాయణ గురువు 1888 శివరాత్రికి అరువిప్పురంలో నదిలోంచి రాయి తెచ్చి శివుడిగా ప్రతిష్ఠ చేశారు, గుడి గడప తొక్కనివ్వని కులాల కోసం. పేరు విష్ణువుది, ప్రతిష్ఠ శివుడిది. కార్తీకంలో శివకేశవులకు తేడా లేదని మనం నోటితో అంటాం, ఆయన చేసి చూపించారు. ఇక మనకి దగ్గరి నారాయణుడు అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు. అసలు పేరు సూర్యనారాయణ. సగం పేరు తీసేసి దాసు తగిలించుకుంటే హరికథకి పితామహుడయ్యాడు. విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. శ్లోకంలో స్తోభం, అంటే పాటలో ఊతం, అన్న మాటకి నాకు ఆయన కాలి గజ్జెలే గుర్తొస్తాయి.

ఇంత చెప్పి మా ఊరి రాజుల్ని వదిలేస్తే ఒప్పుకోరు. పర్లాకిమిడి గజపతుల్లో చాలామంది పేరు చివర నారాయణ దేవే. అందులో ఒక నారాయణ దేవ్ పేరు మీద సంగీతనారాయణం అనే సంస్కృత గ్రంథం ఉంది. అందరికీ తెలిసినవారు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్. ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కోసం రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి వాదించారు, 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం వచ్చింది, మరుసటి ఏడు ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) ఆయనే. 1992లో ఏర్పడిన మా గజపతి జిల్లాకి పేరు కూడా ఆయన నుంచే వచ్చింది. పర్లాకిమిడి ఒడిశాలోకి, పాతపట్నం మద్రాసు వైపుకి పోవడం తెలుగువాళ్ళలో చాలామందికి మింగుడు పడలేదు. గిడుగు రామమూర్తి గారు 1936లోనే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఒడియా వాళ్ళు ఆ రాజుని చేతులెత్తి మొక్కుతారు, మనవాళ్ళలో కొందరు ఇప్పటికీ విసుక్కుంటారు. కానీ పేరు మొత్తం పలికితే మొక్కేవాడూ విసుక్కునేవాడూ నారాయణ అనక తప్పదు. హేలనమేవ వా, తీసిపారేస్తూ అన్నా సరే అని శ్లోకం ముందే ఒప్పుకుంది కదా.

విష్ణు సహస్రనామంలో దీనికి తిరగేసిన లెక్క ఉంది. అక్కడ మనిషి ఒక్కడే, కొన్ని పేర్లు మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తాయి. విష్ణువు మూడు సార్లు, వాసుదేవుడు మూడు సార్లు. వెయ్యి పేర్లలో పునరుక్తి ఏమిటని ఎవరూ అడక్కుండా శంకరాచార్యులు భాష్యంలో వచ్చిన ప్రతిసారీ వేరే అర్థం చెప్పారు. పేరు ఒకటే, గుణం వేరు. భూమ్మీది నారాయణలకీ అలాంటి భాష్యం ఒకటి ఉంటే బాగుండేది: రథం తోలినవాడు, రోగంతో పాడినవాడు, గజ్జె కట్టినవాడు, రాష్ట్రం తెచ్చినవాడు. జగన్నాథ అనే పేరు తీసుకున్నా ఇంతే జాబితా అవుతుంది, ఒడియా భాగవతం దాసు, ముంగండ నుంచి షాజహాన్ కొలువుకి వెళ్ళిన పండితరాయలు, కన్నడంలో హరికథామృతసారం చెప్పిన ఇంకో జగన్నాథ దాసు. అది రథయాత్రకి రాస్తాను.

ఒక సందేహానికి మాత్రం జవాబు చెప్పాలి, ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. జీవితమంతా వెధవ పనులు చేసి చివర్లో కొడుకుని పిలిస్తే సరిపోతుందా, ఇదేం న్యాయం అని. కథ పూర్తిగా చదవనివాళ్ళ ప్రశ్న ఇది. అజామిళుడు ఆ క్షణాన వైకుంఠానికి పోలేదు. యమభటులు వెళ్ళిపోయాక బతికి లేచాడు, విన్న వాదనంతా తలుచుకుని సిగ్గుతో కుమిలిపోయాడు, అన్నీ వదిలి గంగాద్వారానికి, అంటే ఇప్పటి హరిద్వారానికి పోయి యోగంలో కూర్చున్నాడు, ఆ తర్వాతే ప్రాణం వదిలాడు, అప్పుడే ఆ విష్ణుదూతలు మళ్ళీ వచ్చారు. పిలుపు వల్ల దొరికింది గడువు. మిగతాది వాడు చేసుకున్నాడు. ప్రవచనాల్లో ఈ రెండో సగం టైమ్ చాలక ఎగిరిపోతుంది, అందుకే ఈ టెన్షన్ అంతా.

ఇక పిలవడం సంగతి. అజామిళుడు ఎలా పిలిచాడో కూడా రాసి ఉంది: సాగదీసి, పెద్ద గొంతుతో. మన ఇళ్ళల్లోనేమో సత్యనారాయణ సత్తిబాబు అయ్యాడు, సూర్యనారాయణ సూరిబాబు, లక్ష్మీనారాయణ లచ్చిబాబు. బారసాల నాడు బియ్యంలో రాసిన పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడదు. పెట్టిందే పిలవడానికైతే ఈ ఉమ్మడి పక్షం రోజులైనా పూర్తి పేరుతో పిలుద్దామని మా ఇంట్లో అనుకున్నాం. మా ఇంటి సత్తిబాబుకి మాత్రం ఇది నచ్చలేదు. పూర్తి పేరు పెట్టి ఇంట్లో ఎవరైనా పిలిచారంటే మార్కుల సంగతి తెలిసిపోయిందనే వాడి లెక్క, పిలిచిన వెంటనే "నేనేం చేశాను?" అంటూ వస్తున్నాడు.