వాన పడింది సరే, పదునెంత?

సోమవారం మధ్యాహ్నం నుంచి మా కూలర్ చల్లగాలి ఇవ్వడం మానేసింది. మోటారు బాగానే తిరుగుతోంది, పంపు నీళ్లు ఎత్తుతోంది, గడ్డి తడిసే ఉంది. అయినా ఎదురుగా కూర్చుంటే ఒళ్లంతా జిడ్డు తప్ప చల్లదనం లేదు. పక్కింటి అక్క ఇంట్లోనూ అదే కథ. రిపేరు చేసే అబ్బాయిని పిలుద్దామని ఫోన్ తీసింది. "వద్దక్కా, కూలర్‌కేం కాలేదు, గాలి మారింది" అన్నాను.

మొన్నమొన్నటి దాకా ఎండ నలభై రెండు డిగ్రీలు కాసినా అదే కూలర్ ముందు పిల్లలు దుప్పటి అడిగేవాళ్లు. ఎండిపోయిన గాలి తడిగడ్డిలోంచి వచ్చేటప్పుడు నీళ్లను ఆవిరి చేస్తుంది, దానికి కావలసిన వేడిని తనలోంచే ఇచ్చుకుంటుంది, అందుకే చల్లబడుతుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఇంక ఆవిరయ్యేదేముంది? మన చెమట ఆరనిదీ అందుకే. సముద్రానికి ఇంత దూరాన, ఇంత ఎత్తున ఉన్న అనంతపురానికి మే నెలంతా పొడి ఎండే. రోహిణి కార్తె ఆఖర్లో కూలర్ మొరాయించిందంటే పడమటి నుంచి తేమ బయల్దేరినట్టే. కాలనీ అంతా ఉక్కపోతకు విసుక్కుంటుంటే నాకు మాత్రం ఆ పూట చాలా సంతోషమైంది. మిద్దెక్కి పడమర దిక్కు చూస్తూ నిలబడ్డాను.

మాది ఊరికి పడమర, బళ్లారి రోడ్డు వైపు వేసిన లేఅవుట్. ఇండ్లు సగం, ఖాళీ ప్లాట్లు సగం. ఒకప్పుడు ఇదంతా బుడ్డల చేను, అంటే వేరుశనగ. సర్వే రాళ్ల మధ్య ఇప్పటికీ అదే ఎర్రమన్ను, దాని మీద కంపచెట్లు. మా నాయన చేను కూడా ఇట్లాంటి నేలే, కూడేరు దాటి లోపలికి పోవాలి. బోరు లేదు, వానే దిక్కు. ఈ రోజుల్లో రాత్రి అన్నం తిన్నాక తప్పకుండా ఫోన్ చేస్తాడు. "మీ పక్క మోడం పట్టిందా మ్మా?" అనేదే మొదటి మాట. పిల్లల సంగతి, నా సంగతి ఆ తర్వాతే.

మంగళ, బుధవారాలు మోడాలు ఆశపెట్టి పోయాయి. రాత్రిళ్లు మాత్రం నరకం. పదైనా మిద్దె మీద ఒట్టికాళ్లతో నడవలేము. పగలంతా స్లాబు తాగిన ఎండ రాత్రికి ఇంట్లోకి దిగుతుంది. మా అవ్వది మట్టిమిద్దె. దూలాలు, వాటి మీద కంప, కంప మీద మన్ను, అన్నిటికీ పైన చౌడు. వానలకు ముందు, ఇదే కార్తెలో, బండ్ల మీద కొత్త చౌడు తోలి మిద్దె మీద పరిచి చదును చేసేవాళ్లు, కారకుండా. బయట ఎంత మంట మండినా ఆ ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టేది. మేం ఈసారి స్లాబు మీద సున్నం కొట్టించాం. అవ్వ మిద్దెకు సాటి రాదు గానీ కాలు పెడితే తేడా తెలుస్తోంది. ఖర్చు తక్కువ, ఎవరైనా చేసుకోవచ్చు.

ఎదురు ప్లాటులో ఇల్లు కడుతున్నారు. మేస్త్రీ, ఆయన భార్య, ఇద్దరు కూలీలు అక్కడే రేకుల షెడ్డులో ఉంటారు. పొద్దున ఆరుకు పనిలో దిగి, పదకొండుకు ఆపి, మళ్లీ నాలుగు దాటాక మొదలుపెడతారు. మధ్యలో ఆ రేకుల కింద ఉండలేరు, గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంటారు. కొత్త స్లాబు మీద సిమెంటుతో మడులు కట్టి నీళ్లు నింపితే సాయంత్రానికి అడుగు తేలుతుంది. మా కాలనీలో ఎండ గురించి మాట్లాడాల్సి వస్తే ముందు మాట్లాడాల్సింది వాళ్లే. మధ్యాహ్నాలు మా ఇంటి ముందు వసారాలో పడుకోమని చెప్పాను. మొదట మొహమాటపడ్డారు, ఇప్పుడు వస్తున్నారు. వాళ్లొస్తారని ఒక కడవ మజ్జిగ ఎక్కువ చిలుకుతున్నాను, ఉప్పు, కరివేపాకు వేసి.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు పడమర నల్లగా కాలేదు, ఎర్రగా అయింది. మా దగ్గర గాలిదుమారం ముందు దుమ్మే లేస్తుంది. ఉరవకొండ వైపు చేన్లన్నీ దుక్కి చేసి వదిలినవి కదా, ఆ మన్నంతా ఆకాశంలోనే ఉంది. అక్క, నేను పరుగెత్తి మిద్దె మీద ఆరబెట్టిన ఒడియాలు, ఊరమిరపకాయలు చీరతో సహా చుట్టుకుని దిగేసరికి కరెంటు పోయింది. ఎదురు షెడ్డు రేకులు రెండు లేచిపోయి కంపచెట్లలో పడ్డాయి. మేస్త్రీ అన్నావాళ్లంతా అప్పటికే మా వసారాలో ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

తర్వాత చల్లటి గాలి తగిలింది. వాన ఇంకా ఎక్కడో ఉంది, గాలి ముందొచ్చింది. పెద్ద మబ్బులోంచి రాలే చినుకులు దారిలోనే కొంత ఆవిరై అక్కడి గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి ముందుకు పరుగెత్తుతుంది. దూరాన తడిసిన మట్టి వాసనను మనదాకా మోసుకొచ్చేది అదే. ఆ వాసన తగిలాక మా అబ్బాయి ఇంట్లో నిలవలేదు. మొదటి చినుకులు ఒక్కొక్కటి దుమ్ములో గుంత చేస్తూ పడ్డాయి. ఆ పైన ఇరవై నిమిషాలు ఎదురిల్లు కనపడని వాన. మధ్యలో కాసిని వడగండ్లు కూడా.

మిద్దె మీద గోడలు నిలువుగా ఉండే స్టీలు డబ్బా ఒకటి పెట్టి ఉంచుతాను. డబ్బా వెడల్పు ఎంతైనా ఫరవాలేదు, అడుగు, నోరు ఒకే కొలత ఉంటే చాలు, అందులో నిలిచిన నీటి లోతే వాన లెక్క. మావాడు స్కేలు పెట్టి చూశాడు, పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఆ ఇరవై నిమిషాల్లో పడింది పద్దెనిమిది వందల లీటర్లు! ట్యాంకర్ కోసం రెండు రోజులు ఎదురుచూసే కాలనీ మాది. ఆ నీళ్లన్నీ గొట్టంలోంచి దిగి, సిమెంటు రోడ్డు మీద ఎర్రగా పారి, మలుపు దగ్గర కాలువలో పడి పోయాయి. వీధిలో అందరూ బయటికొచ్చి "అబ్బ, ఏం వానొచ్చింది" అనుకుంటున్నారు. చల్లబడింది కదా, ఆ సంతోషం న్యాయమైనదే. కానీ రైతు కూతురికి వాన ఒంటికి తగిలితే చాలదు, మన్నులో ఎంత దిగిందో చూడాలి. ఆ దిగిన తడినే మేం పదును అంటాం.

వాన వెలిశాక గునపం తీసుకుని పక్క ప్లాటులోకి పోయాను. పైన బురద. నాలుగు వేళ్ల లోతుకే పొడిమన్ను తగిలింది, లోపల ఇంకా వెచ్చగా ఉంది. ఎండకు బిరుసెక్కిన నేల అంత జోరు వానను తాగలేదు, పైనుంచే జారిపోతుంది. అదే ప్లాటులో రోడ్డు పక్క సంగతి వేరు. ప్లాటు ఓనరు బెంగళూరులో ఉంటాడు. ఆయన్ను అడిగి, ఏప్రిల్లో మేస్త్రీ అన్నతో రోడ్డు అంచు నుంచి లోపలికి మూరెడు లోతు కాలువ తీయించి, వాలుకు అడ్డంగా మోకాలెత్తు కట్ట వేయించాను. కట్ట వెనక నీళ్లు నిలబడి మెల్లగా ఇంకుతున్నాయి. మర్నాడు పొద్దున అక్కడ తవ్వి చూస్తే మోచేయి దాకా తడే. అదే వాన, అదే మన్ను, ఇరవై అడుగుల దూరం. మావాడి చేయి పట్టుకుని రెండు గుంతల్లోనూ పెట్టించాను. వాడికి ఇది తెలియాలి.

ఆ రాత్రి ఫోన్‌లో నాయన గొంతు నీరసంగా ఉంది. "మాకు గాలేనమ్మా. నాలుగు చినుకులు రాల్చి పాయ." ఇక్కడికీ అక్కడికీ పాతిక కిలోమీటర్లు లేదు. ఈ కాలపు వానలు ఇంతే, ఒక మబ్బు పోయిన దారి తడుస్తుంది, పక్క ఊరు ఎండుతుంది. మా కాలనీలో నిండా కురిసిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే అడిగి తెలుసుకుని, "పోనీలే, ఎవురికో ఒకరికి పడింది" అన్నాడు.

శుక్రవారం పొద్దున అక్కను ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన ఆటో అన్న రాలేదు. వజ్రకరూరు పోయాడట, ఇంటిల్లిపాదీ. అక్కడ తొలి వానకు పైమన్ను కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, వాటిలో వజ్రం దొరుకుతుందని జనం సద్దులు కట్టుకుని చేన్లలో తల వంచుకుని తిరుగుతారు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పక్కా ఇదే తంతు. ఆ నేలలో వజ్రాలుండే రాతి పొరలు ఉన్న మాట నిజమే, అప్పుడప్పుడూ ఎవరికో దొరికిన మాటా నిజమే. ఆటో అన్నకు దొరకాలని నిజంగా కోరుకుంటున్నాను, ఆయనకు కూతురి పెండ్లి అప్పు ఉంది.

శుక్రవారం రాత్రి వీధిలైటు చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. శనివారం గాలి పూర్తిగా తిరిగింది. ఇంక ఆషాఢం దాటేదాకా మా పడమటి కిటికీలు తెరవలేము, వంటింట్లో ఏ గిన్నె తీసినా దుమ్మే. నైరుతి మబ్బు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేసి, మాకు గాలిని పంపుతుంది. ఆ గాలికే మా కొండల మీద గాలిమరలు తిరిగేది. ఏడాది మొత్తానికి మాకు పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరుదే. జూన్‌లో వచ్చేవన్నీ ఇట్లా ఉరుములతో వచ్చి పోయే సాయంత్రపు వానలే. అందుకే ఒక్కోదాన్ని పడ్డచోటనే పట్టుకోవాలని నా తాపత్రయం. బోర్లు వందల అడుగులు దిగిన ఊళ్లో పద్దెనిమిది మిల్లీమీటర్లు రోడ్డెంబడి పోతుంటే చూడలేను.

శనివారం రాత్రి నాయనకూ పడింది. ఆదివారం తెల్లవారి ఐదున్నరకే ఫోన్.

"పడిందమ్మా, గంట సేపు. కిందికయ్యలో నీళ్లు నిలిచినాయి."

"పదునెంతైంది నాయనా?"

"అర పదును. గుంటక తోలొచ్చు, ఇత్తనానికి చాల్దు."

ఊళ్లో కొందరు అప్పుడే విత్తనాలు సిద్ధం చేసుకుంటున్నారట. నాయన వేయడు. తొందరపడి జూన్ తొలి వానకే బుడ్డలేస్తే పూత వచ్చి, కాయ కట్టే ఊడలు మన్నులోకి దిగేనాటికి బెట్ట పడుతుంది, ఊడ గట్టినేలలోకి దిగలేక ఎండిపోతుంది. అట్లా పోయిన పంటలు ఆయన చాలా చూశాడు. మృగశిర వానకు ఇంకోసారి దున్ని, ఆరుద్రలో మంచి పదును దొరికితే అప్పుడు కదిరి లేపాక్షి రకం బుడ్డలు, మధ్యలో కంది సాళ్లు. ఈలోగా చేని కిందిగట్టు తెగిన చోట మన్నెత్తించాలన్నాడు. ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. మొదట ఒప్పుకోలేదు, మా ప్లాటులో మోచేతి దాకా దిగిన తడి సంగతి వివరంగా విని, "సరే, మీ మేస్త్రీ ఖాళీ ఉంటే పంపు" అన్నాడు.

కాలనీలో ఇంకో మూడు ప్లాట్ల ఓనర్ల నంబర్లు సంపాదించాను. ఇద్దరు కాలువ తీసుకోమన్నారు, మూడో ఆయన గోడ కట్టేదాకా ఆగమన్నాడు, మళ్లీ అడుగుతాను. మేస్త్రీ అన్న షెడ్డు రేకులు ఇనుప తీగతో బిగించుకున్నాడు. వచ్చే వారం పిల్లల్ని తీసుకుని ఊరికి పోతున్నాను. విత్తనపు కాయల బస్తాలు దించి పెట్టాడట నాయన, మిషన్‌కు వేస్తే పప్పు పగులుతుందని చేత్తోనే ఒలిపిస్తాడు. అందరం కూర్చుంటేనే అయ్యే పని అది.