పరీక్ష రాశానా, ఇచ్చానా, తీసుకున్నానా?

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష పేపరు మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. మొదటిసారి టైర్-1లో, అంటే మొదటి దశలో, లెక్కలు, రీజనింగ్ బాగానే చేశాను కానీ ఇంగ్లీషులో 50కి 21 వచ్చాయి. పాతిక ప్రశ్నల్లో 13 రైటు, 10 తప్పు, తప్పుకి అర మార్కు కోత. పెద్ద పెద్ద పదాలు రాకే మునిగాననుకుని, వొకాబులరీ పుస్తకం ఒకటి కొని రోజుకి యాభై పదాలు బట్టీ పట్టడం మొదలుపెట్టాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు.

కొన్నాళ్లకి నేను పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీటు, మాక్ టెస్టులు ముందేసుకుని తప్పుల్ని ఒక్కొక్కటీ చూశాను. కష్టమైన పదాల దగ్గర పోయింది తక్కువే. క్లాసు, పరీక్ష, సబ్జెక్టు లాంటి మాటలున్న మామూలు వాక్యాల దగ్గరే ఎక్కువ పోయింది. రోజూ నోట్లో నానే మాటలే!

‘పరీక్ష’ సంగతే చూడండి. తెలుగులో పరీక్ష రాస్తాం. ఒడియాలో ‘పరీఖ్యా దేబా’, అంటే ఇస్తాం. హిందీలోనూ ఇవ్వడమే. అందుకే నేను ఒకరోజు ‘ఐ రోట్ ది ఎగ్జామ్’ అనేవాణ్ణి, ఇంకోరోజు ‘ఐ గేవ్ ది ఎగ్జామ్’ అనేవాణ్ణి. ఇంగ్లీషులో పరీక్షకి ‘టేక్’ వాడాలి, బ్రిటిష్ వాడుకలో ‘సిట్’ కూడా ఉంది. ‘గివ్’ అంటే పరీక్ష పెట్టే మాస్టారి పని. మన దగ్గర మాటల్లో ‘రోట్’, ‘గేవ్’ రెండూ చెల్లిపోతాయి, వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో చెల్లవు.

అప్పుడు ఒక నోట్‌బుక్ తీసి ఎడమ పేజీలో తెలుగు నుంచి వచ్చిన తప్పులు, కుడి పేజీలో ఒడియా నుంచి వచ్చినవి రాయడం మొదలుపెట్టాను. ఎడమ పేజీ వారంలో నిండిపోయింది. చూస్తే దొంగలన్నీ విభక్తులే! ‘లెక్కల్లో దిట్ట’ అనే అలవాటుతో ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ అన్నాను, అక్కడ ‘ఎట్’ రావాలి. ‘క్లాసుకి హాజరయ్యాను’ కాబట్టి ‘అటెండెడ్ టు ది క్లాస్’ అన్నాను, ఆ ‘టు’ ఉండకూడదు. ‘అటెండ్ టు’ అంటే ఒక పని సంగతి చూసుకోవడం. ‘సిలబస్ గురించి చర్చించాం’ అనుకుని ‘డిస్కస్డ్ అబౌట్’ అని గుర్తుపెట్టాను. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ అక్కర్లేదు. ‘రెండేళ్ల నుంచి చదువుతున్నా’ని ‘ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ టూ ఇయర్స్’ చేశాను. అందులో రెండు తప్పులు: ‘హావ్ బీన్ స్టడీయింగ్’ కావాలి, ‘ఫర్’ కావాలి. లో, కి, గురించి, నుంచి. ఈ నాలుగూ కనబడితే ఆగడం నేర్చుకున్నాక మార్కులు కదిలాయి.

సబ్జెక్టుల పేర్లు అంత కష్టం కాదు. మ్యాథమేటిక్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్ చివర ‘ఎస్’ ఉన్నా ‘ఈజ్’ వస్తుంది. స్టాటిస్టిక్స్ సబ్జెక్టయితే ‘ఈజ్’, గణాంకాలయితే ‘ఆర్’. కాలేజీ పూర్తయిందనడానికి ‘పాస్డ్ అవుట్’ బదులు ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి, మామూలుగా మొదటిదానికి స్పృహ తప్పి పడిపోయాడనే అర్థం. ‘బైహార్ట్ చేశాను’ అనేది కూడా ‘లెర్న్ట్ బై హార్ట్’ అవ్వాలి. బట్టీ పట్టిన పాఠం ఒడియాలో ముఖస్థం, తెలుగులో కంఠస్థం, ఇంగ్లీషుకి గుండెలో. ఇది కనిపెట్టిన రోజు నేనూ నా రూమ్మేటూ చాలాసేపు నవ్వుకున్నాం.

ఇక వివరణ ఇచ్చి దానికి ఒక్క మాట అడిగే వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్‌లో ‘-లజీ’ల గుంపు. పక్షులకి ఆర్నిథాలజీ, చేపలకి ఇక్థియాలజీ, ఇలాంటివి గుర్తుపెట్టుకోవాల్సిందే. నన్ను ఏడిపించినవి ఎంటమాలజీ, ఎటిమాలజీ. ఒకటి పురుగుల శాస్త్రం, ఇంకోటి మాటల పుట్టుక. తెలుగులో రాసి చూసుకుంటే సమస్య తీరింది: సున్నా ఉన్నదే పురుగు. పాముల్ని, బల్లుల్ని చదివే హెర్పెటాలజీకి మూలం పాకడం అనే గ్రీకు మాట. మన ‘సర్ప’ శబ్దానికి అది చుట్టమే. భాషల శాస్త్రం లింగ్విస్టిక్స్ మాత్రం నాకెప్పుడూ తప్పు పోలేదు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి మా ఊళ్లో పాఠాలు చెప్పినవాడే.

రెండోసారి 22 రైటు, 2 తప్పు, 43 మార్కులు. టైర్-1 దాటాను. టైర్-2 ఇంగ్లీషు వేరే లెక్క: 45 ప్రశ్నలకి 135 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. అక్కడ పదాల ప్రశ్నల్లో ఊహించి జవాబు పెట్టొద్దంటాను. నా రూమ్మేటు దీనికి ఒప్పుకోడు, మీ ఇష్టం.

నోట్‌బుక్ ఇప్పుడు మా బాబాయి కొడుకు దగ్గరుంది. వాళ్లది పక్కనే ఉన్న పాతపట్నం, వాడు చదివింది తెలుగు మీడియం. కుడి పేజీలతో వాడికి పని లేదు. వాటి మీద ఖాళీ ఉన్నచోటల్లా లెక్కలు చేసుకుంటున్నాడు.