ఎర్ర ఇంకు పడని లీవ్ లెటర్

మన బడి పాత విద్యార్థుల సావనీరుకి ఒక పేజీ రాసి పంపమని కమిటీ వాళ్ళు మూడోసారి ఫోన్ చేశారు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, టీ పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చదివామో ఎంత తవ్వినా ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. తొమ్మిదో క్లాసు మాత్రం వేపచెట్టు పక్క గదితో, ఊడిన కిటికీ రెక్కతో సహా అలాగే ఉంది. వెలక్కాయ సంగతి రాయను, ఒట్టేశాను కదా. నేను రాసేది ఇంగ్లీషు మాస్టారి గురించే.

రోజుకో ఇడియం, బోర్డు ఎడమ మూల. సాయంత్రం దాకా చెరపకూడదు. చెరిపినందుకు ఎన్ని గుంజీలు తీశాడో బుడ్డోణ్ణే అడగండి. ‘పుల్ యువర్ సాక్స్ అప్’ (ఇంకాస్త ఒళ్ళు వంచమని) అనగానే వెనక బెంచీ మొత్తం వంగి ఉత్తి కాళ్ళు తడుముకునేది! ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే మన నల్లేరు మీద బండి నడక అన్నారని మర్నాడు మన గోలీసోడాగాడు నల్లేరు తీగ కోసుకొచ్చి, రోజంతా చేతులు గోక్కున్నాడు. ‘రెడ్ టేప్’ చెప్పిన రోజు మాస్టారు జేబులోంచి ఫైళ్ళకు కట్టే ఎర్ర నాడా తీసి బల్ల మీద పరిచారు. చివర్లు పోగులు ఊడిపోయి, ముడి పడే చోట రంగు వెలిసి ఉంది. “ఈ ముడి విప్పితేనే కాగితం కదిలేది” అన్నారు.

ఆ సంక్రాంతి ముందు మా తాతయ్య పోయారు. దినాలయ్యాక లీవ్ లెటర్ పట్టుకుని వెళ్ళాను. నేర్చుకున్న మాట వాడితే మాస్టారు సంతోషిస్తారని, ‘మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ముందు బెంచీలో ఎవరో చదివి కిసుక్కుమన్నారు. మాస్టారు చెయ్యెత్తారు, అంతే, క్లాసు గప్‌చుప్.

“ఇదే మాట తెలుగులో చెప్పమ్మా.”

‘బాల్చీ తన్నేశారు’ అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏడుపొచ్చేసింది.

“తప్పు నీది కాదు తల్లీ, నాది. అర్థం చెప్పి ఊరుకున్నాను. ఎవరి గురించి, ఎవరి దగ్గర అనాలో చెప్పలేదు.”

బోర్డంతా తుడిచి రాసుకుంటూ పోయారు. పోయారు, కాలం చేశారు, పరమపదించారు, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు. చావింట్లో ఏది, అరుగు మీద కబుర్లలో ఏది, పేపర్లో ఏది? మన చేతే చెప్పించారు. వాటి కింద ‘డైడ్’, ‘పాస్డ్ అవే’, చివరన ‘కిక్డ్ ద బకెట్’. బెల్లు కొట్టి లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడ్డా ఆపలేదు. నా కాగితం మీద ఎర్ర ఇంకు పెట్టలేదు. కొత్తది రాయించి సంతకం చేసి, “మీ తాతయ్య ఏం పని చేసేవారమ్మా?” అని అడిగారు. రేవులో పడవ నడిపేవారని చెప్పాను. ఏ రేవు, ఎంత పెద్ద పడవ, అన్నీ అడిగారు.

తర్వాత నర్సింగు, పెళ్ళి, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఇంగ్లండులో, లెస్టర్‌లో ఒక ఆసుపత్రిలో వార్డు సిస్టర్‌ని. కేరళ నుంచి, మన వైపు నుంచి కొత్తగా వచ్చే నర్సులకు ఇక్కడి మాటలు నేర్పే పని నాదే. ‘అండర్ ద వెదర్’ అంటే వాతావరణం గురించి కాదు, ఒంట్లో నలతగా ఉందని. ఒక ముసలామె ‘ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ’ అంటే, కొత్తమ్మాయి ఆవిడ పర్సు వెతకబోయింది. ఒక పెన్నీ నాణెం వేస్తేనే మరుగుదొడ్డి తలుపు తెరుచుకునే కాలం నాటి మాట అది. మనం చిటికెన వేలు చూపించి ‘ఒంటికి సార్’ అనేవాళ్ళమే, అదే ఇదీ. మాస్టారిలాగే బోర్డు ఎడమ మూల రాస్తాను.

ఇక్కడ ఒకరు పోయినప్పుడు ఇంట్లో వాళ్ళకు ‘పాస్డ్ అవే’ అని కూడా అనొద్దంటారు. ‘వియ్ లాస్ట్ హిమ్’ అంటే, ఎక్కడికో వెళ్ళిపోయాడేమో అని కంగారుపడే వాళ్ళుంటారు. ‘డైడ్’ అనే చెప్పాలి, మెల్లగా, పక్కన కూర్చుని. మొదటిసారి నేనే చెప్పాల్సి వచ్చిన రాత్రి గొంతు పెగల్లేదు. ఎలాగో చెప్పాను. ఆ కొడుకు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఇంకేమీ తోచక, “మీ నాన్నగారు ఏం పని చేసేవారు?” అని అడిగాను.

ఇంటింటికీ పాలు వేసేవారట. ఏ వీధిలో ఎన్ని సీసాలో తెల్లారేదాకా చెప్పాడు.