నాన్నగారి రివాల్వర్ మీది నీలి నిగారింపు

2024 సార్వత్రిక ఎన్నికల ప్రవర్తనా నియమావళి మార్చి 16న అమలులోకి వచ్చినప్పుడు, మా ప్రాంతపు ఇతర లైసెన్సుదారుల మాదిరిగానే నేను కూడా, నాన్నగారి తదనంతరం నా పేరిటకు మారిన .32 రివాల్వర్‌ను అప్పగించి రసీదు తీసుకున్నాను. ఫలితాలు వెలువడిన తరువాత జూన్ నెలాఖరులో ఇంటికి తెచ్చి, తోలు ఒరలో నుంచి తీసి చూసేసరికి ప్రాణం ఉసూరుమన్నది. తూటాలు పట్టే సిలిండర్ అంచు పొడవునా నువ్వుగింజలంత నారింజ రంగు చుక్కలు లేచి ఉన్నాయి. బ్యారెల్ ఎడమ పక్కన ఒక బొటనవేలి ముద్ర, సన్నని గీతలతో సహా, తుప్పుతో అచ్చు పడి ఉంది. భూతద్దం పెట్టి నా వేలితో పోల్చి చూసుకున్నాను. అది నా వేలే. మార్చి ఎండలో చెమట చేతులతో పట్టుకుని, తుడవకుండా ఒరలో పెట్టి ఇచ్చినవాడిని నేనే కనుక, ఈ తప్పు పూర్తిగా నాది.

అది బర్మింగ్‌హాంలో వెబ్లీ అండ్ స్కాట్ సంస్థ తయారుచేసిన మార్క్ ఫోర్ రకం రివాల్వర్. పైనున్న గొళ్ళెం నొక్కితే బ్యారెల్ ముందుకు వంగి, ఆరు అరలూ ఒకేసారి తెరుచుకుంటాయి. వెలుతురులో తిప్పి చూస్తే నల్లని ఉక్కు మీద నెమలి మెడలోని నీలం లీలగా కదులుతుంది. దీనిని రంగు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఉక్కు పైపొరనే రసాయన చర్యతో మాగ్నెటైట్ అనే నల్లని ఐరన్ ఆక్సైడ్‌గా మార్చిన ఫలితం. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణాన్ని దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో మరిగించి, అందులో భాగాలను ముంచితే బ్లూయింగ్ అనే ఈ పొర ఏర్పడుతుంది. అంతకుముందటి పాత పద్ధతిలో ఉక్కును కావాలనే తుప్పు పట్టించి, నీళ్లలో ఉడికించి, ఆ ఎరుపును నలుపుగా మార్చి, మెత్తని బ్రష్షుతో రుద్ది, మళ్లీ మళ్లీ అదే పని చేసేవారు. ఎలా చేసినా ఆ పొర మందం తలవెంట్రుకలో ఎన్నో వంతు కూడా ఉండదు. దానిలోని సూక్ష్మ రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి, నూనె ఆరిపోతే అవే రంధ్రాలు తేమను పట్టి ఉంచుతాయి. సముద్రపు గాలి తగిలే కాకినాడలో నూనె లేని బ్లూయింగ్ మీద భరోసా పెట్టుకోకూడదని నాకు ఆ మూడు నెలలే నేర్పాయి.

ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఫోను చేస్తే, ఆయన ముందుగా అడిగింది తూటాలు ఎక్కడున్నాయని. అరలన్నీ ఖాళీ చేసి, కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టిన తరువాతనే మిగతా మాట చెప్పారు: "ఎరుపు పోవాలి గాని నలుపు పోకూడదు బాబూ. గుడ్డకు ఎరుపు అంటినంతసేపు రుద్దండి, నలుపు అంటిన క్షణం ఆపేయండి." ఆయన చెప్పినట్లే చుక్కల మీద పలుచని మినరల్ నూనె వేసి రాత్రంతా నానబెట్టాను. మరునాడు పాత మల్లుపంచె ముక్కతో రుద్దితే వేలిముద్ర చాలావరకు వదిలింది. మొండికేసిన చుక్కల కోసం నాలుగు సున్నాల నంబరున్న అతి సన్నని ఉక్కు ఊలును నూనెలో ముంచి, వేలికొనతో బరువు మోపకుండా, ఒక్కొక్క చుక్క మీద పది పన్నెండు సార్లు తిప్పి, ప్రతిసారీ తెల్ల గుడ్డతో తుడిచి రంగు చూసుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఆ పనికే సరిపోయింది. గుడ్డ మీద ఇటుక రంగు మరక క్రమంగా పలచబడి, ఒకచోట బూడిద రంగు కనిపించగానే చెయ్యి తీసేశాను. సిలిండర్ మీద రెండు చోట్ల సూదిమొన గుంటలు మిగిలిపోయాయి. వాటిని తీయాలంటే చుట్టూ ఉన్న నీలమంతా పోతుంది, అందుకని వాటి జోలికి పోలేదు.

ఇంట్లో ఒకరు చింతపండు పులుసు రాయమని సలహా ఇచ్చారు. ఇత్తడి బిందెను తళతళలాడించే ఆ పులుపు బ్లూయింగ్‌కు విషం, ఎందుకంటే ఆమ్లం ఎర్ర తుప్పుతో పాటు నల్లని ఆక్సైడ్‌ను కూడా కరిగించేస్తుంది. నిమ్మరసం, వెనిగర్, ఇత్తడి పాలిష్ కూడా దూరం పెట్టవలసినవే. ఇక పూత పూర్తిగా పాడైతే నికెల్ పూత వేసే దుకాణానికి ఇద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోమని గట్టిగా కోరుతున్నాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి; అది లేని చేతికి ఆయుధం ఇవ్వడమే నేరమవుతుంది.

తోలు ఒర సంగతి వేరుగా చెప్పాలి. అది నడుముకు కట్టుకుని తిరగడానికి చేసిన వస్తువే తప్ప నిలవ ఉంచడానికి పనికిరాదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది; పదును చేసేటప్పుడు వాడిన లవణాలు, ఆమ్లాలు కొంత అందులోనే ఉండి, ఆ తేమతో కలిసి ఉక్కును తింటాయి. చుక్కలన్నీ సరిగ్గా ఒర పట్టీ ఆనిన గీత వెంబడే ఉండటం నేను కళ్లారా చూశాను.

శుభ్రం చేస్తున్నప్పుడు గొళ్ళెం పక్కన ఇంకొక పాత మచ్చ బయటపడింది. అది గుండ్రంగా, చిటికెన వేలి గోరంత ఉంది. చిన్నప్పటి దసరాలు గుర్తుకొచ్చాయి. ఆయుధపూజ నాడు అమ్మ తడి గంధం పూసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టేది. ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకునేవారు కాదు. రాత్రంతా తడి గంధం అంటుకుని ఉన్న చోట నీలం గోధుమ రంగుకు తిరిగింది. ఆ మచ్చను రుద్దడానికి నాకు మనసొప్పలేదు. నూనె మాత్రం రాశాను.

నూనె విషయంలో నా అనుభవం ఇది: కొబ్బరినూనె, ఆముదం వద్దు, అవి కొన్నాళ్లకు ముక్కిపోయి జిగురు కడతాయి. డబ్ల్యూడీ-40 అనే ద్రవం తడిని వెళ్లగొట్టడానికి మంచిదే, 1953లో అది పుట్టింది కూడా అందుకోసమే, కాని త్వరగా ఆరిపోతుంది గనుక నెలల తరబడి నిలవకు దానినే నమ్ముకోకూడదు. తుపాకీ నూనె దొరకనప్పుడు కుట్టు మిషన్ నూనె పలుచగా రాసినా పని జరుగుతుంది. ఎక్కువ రాస్తే అది లోపలి స్ప్రింగుల దాకా దిగి దుమ్మును పట్టుకుంటుంది, తూటాల అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌ను కూడా చెడగొట్టగలదు. బయటి ఉక్కుకు మాత్రం నేను ఇప్పుడు రినైసాన్స్ వాక్స్ వాడుతున్నాను. 1950లలో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో రూపొందిన ఈ మైనాన్ని మ్యూజియంలు పాత కత్తులకు, కవచాలకు రాస్తాయి. బఠాణీ గింజంత తీసుకుని పలుచగా పూసి, మెత్తని గుడ్డతో మెరుగు పెడితే, వేలు తగిలినా ముద్ర ఉక్కు దాకా చేరదు.

రివాల్వర్ ఇప్పుడు నూనె గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, బీరువా లాకరులో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంటుంది. పొట్లాలలోని నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే సన్నని సెగ మీద వేడిచేసి మళ్లీ నీలానికి తెస్తాను. ఒర పక్క అరలో విడిగా ఉంది. మొన్న దసరాకు గంధం, కుంకుమ రెండూ పెట్టాము, రివాల్వర్ ఉన్న చెక్కపెట్టె మూత మీద.